కొబ్బరిచిప్ప కొట్టిన ఫ్యాను

మా అక్క మొగుడికి భక్తి ఎక్కువ, బుద్ధి తక్కువ. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను కనుక ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం లేదు.

మా ఇద్దరికీ కలిపి ఒక పాత అంబాసిడర్ ఉంది. వయసులో ఉన్నప్పుడు కలిసి కొని, చీపురుపల్లి స్టేషను నుంచి బొబ్బిలి దాకా బాడుగలకి తిప్పాం. బాగుచేసేది నేను, దండలు వేసేది ఆయన. నేను అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు స్పేరుపార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. ఈయన పై చదువు చదివీ ఓసారి కళింగపట్నంలో రేడియేటరులో ఉప్పునీళ్లు పోశాడు. నేను మరిచిపోయాననుకుంటాడు.

బాడుగలు పోయాక కారు మా పెరట్లో రేకుల షెడ్డుకి చేరింది. వారం వారం స్టార్టు చేసి ఊరు చుట్టూ తిప్పి తెస్తాను. బావ చీపురుపల్లి శివార్లలో కల్యాణమండపం కట్టడం మొదలెట్టాక ఆయన కన్ను దీనిమీద పడింది. ఇంజను పీకించేసి, బంగారు రంగు కొట్టించి, గుమ్మం ముందు దిమ్మ మీద ఎక్కిస్తాడట. పెళ్లికొచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట. నాకు ఒళ్లు మండింది. ఇంజను లేని కారుని కారని ఎలా అంటారు? ఆ పంచాయితీ మా అక్క దగ్గరికి వెళ్లింది. ఆవిడ తేల్చేసింది:

"నడిసినన్నాళ్లు తమ్ముడి దగ్గరుంటాది. ఆగిపోనాక నువ్వట్టుకెల్లు. ఇంక నా బుర్ర తినకండి, ఇద్దరూను."

ఇద్దరం ఒప్పుకున్నాం.

మొన్న దసరాకి కారుకి పూజ చేస్తానని బావ దిగాడు. ఎవరైనా కొబ్బరికాయ కొట్టి చిప్పలు బంపరు మీదో బానెట్టు మీదో పెడతారు. ఈయనకి అది చాలలేదు. బండికి గుండెకాయ ఇంజనే కదా అని బానెట్టు ఎత్తి, బొట్లు పెట్టి, చిప్పని తీసుకెళ్లి రేడియేటరు నెత్తిన కూర్చోబెట్టాడు. నేను హారతికి అగ్గిపెట్టె తేవడానికి లోపలికెళ్లాను. ఈలోగా నిమ్మకాయలు తొక్కించాలని తాళం తిప్పేశాడు.

రేకుల మీద ఎవరో బండరాళ్లు కుమ్మరించినట్టు చప్పుడు. చిప్ప జారి, తిరుగుతున్న ఫ్యానులో పడింది. పరిగెత్తుకొచ్చేసరికి ఆయన పంచె నిండా కొబ్బరి ముక్కలు, మొహాన కుంకుమ నీళ్లు.

"దేవుడే వద్దనేసినాడురా," అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడో ఏడుపు ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు. కావాలని చేశాడా అన్న అనుమానం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

"దేవుడు కాదు, నువ్వు. సిప్ప ఎవుడెట్టాడక్కడ?"

"పూజలో తప్పట్టకూడదు. సర్లే, ఇరిగిపోనాది కదా. కార్తీకంలో మండపం తెరుస్తన్నాను. అప్పటికి ఇది ముఖలింగం దాకా ఎల్లగలిగితే నీది. ఉడికిపోయి దారిలో నిలబడిపోనాదా, అక్కడినుంచే లారీ మీద ఎక్కించేస్తాను."

"నువ్వూ రా. పక్కనే కూకో."

"రాకేటి? సూడ్డానికే వస్తాను."

ఫ్యాను విప్పి చూశాను. కూడిక గుర్తులాగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచి రివిట్లు కొట్టిన రెండు ఉక్కు పట్టీలు అది. ఒక్కో పట్టీకి రెండు చివర్లా రెండు రెక్కలు. పై పట్టీలో ఒక రెక్క వంగి, మొదట్లో వెంట్రుకలాంటి బీట ఇచ్చింది. రేడియేటరుకి గీత పడింది గాని కారలేదు.

విజయనగరంలో మెకానిక్కుల చుట్టూ తిరిగాను. అందరి నోటా ఒకటే మాట. "ఆ పార్టు ఇప్పుడు రాదు పెద్దాయనా. కరెంటు ఫ్యాను ఎట్టించీ." ఒకడైనా దాన్ని చేత్తో పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూడలేదు. ఫోనులో వెతికి, దొరక్కపోతే లోకంలోనే లేదంటారు. చివరికి ఒకడు చూశాడు, చూసి వెల్డింగు చేసేస్తానన్నాడు. రెక్క మొదట్లో బీటకి వెల్డింగు చేయడమేమిటి? ఇంజను జోరందుకున్నప్పుడు అది ఊడితే బానెట్టు చీల్చుకుని వస్తుంది. ఆ మాటంటే, "మరి నువ్వే సేసుకో," అన్నాడు. సరే, చేసుకుంటానని వచ్చేశాను.

రివిట్ల తలలు డ్రిల్లుతో కోసి రెండు పట్టీలనూ విడదీశాను. బాగున్నదాన్ని అట్ట మీద పెట్టి గీత గీశాను. మూతపడ్డ ధాన్యం మిల్లులో పడేసిన ఉక్కు రేకు ఒకటి నా దగ్గరుంది. మందం సరిపోయింది. దాన్ని గీత ప్రకారం కోశాను. అసలు కష్టం ఒంపు దగ్గర వచ్చింది. మంచి రెక్క కింద పెట్టి చూసుకుంటూ తుమ్మచెక్కని ఆ ఒంపుకే చెక్కాను. రేకుని దానిమీద వేసి సుత్తితో కొట్టుకుంటూ పోయాను. ఎర్రగా కాల్చి కొడితే తొందరగా వంగుతుంది గాని ఉక్కులో పస పోతుంది. అందుకని చల్లగానే కొట్టాను. భుజం పడిపోయింది.

అక్క టీ పట్టుకొచ్చింది. మొగుడి తరఫున నిఘాకి వచ్చిందని నా అనుమానం. రెండు పట్టీలూ చెరో చేత్తో పట్టుకుని చూసింది.

"ఇదేటిరా, ఇది ఎడంసేతి వాటంగున్నాది?"

నిజమే. కోపంలో కొట్టి కొట్టి ఒంపు ఎదురు తిప్పేశాను. పాత రెక్కలు గాలిని రేడియేటరు గుండా లోపలికి లాగుతుంటే ఇది బయటికి తోస్తుంది.

"మీ ఆయనకి సెప్పకు," అన్నాను.

"సెప్పకపోతే నాకు ఇంట్లో పొద్దెలా పోతాదిరా?" అని నవ్వుకుంటూ వెళ్లింది.

మళ్లీ రేకు కోసి, మళ్లీ కొట్టాను. ఈసారి ఒంపు కుదిరింది. రెండు పట్టీలూ కలిపి రివిట్లు కొట్టాక తూకం చూడాలి. ఒక రెక్క బరువుంటే ఫ్యాను ఊగి నీళ్లపంపు బేరింగుని తినేస్తుంది. పాత సైకిలు ఇరుసు మీద ఫ్యానుని వేలాడదీసి మెల్లిగా తిప్పి వదిలితే, బరువున్న రెక్క కిందికొచ్చి ఆగుతుంది. దాని అంచు ఆకురాయితో కాస్త రుద్ది మళ్లీ వదలాలి. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడేదాకా రుద్దాను. ఇనుప రజను ముక్కులోకెళ్లి తుమ్ములు. అన్ని తుమ్ములకీ బావనే తిట్టుకున్నాను.

కార్తీకం ఇంకా రాకముందే ఒక పొద్దున్న బయల్దేరాం. బావ పక్క సీట్లో నీళ్ల బాటిలు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"అది నాకు తాగడానికి. రేడియేటరుకి ఇవ్వను," అన్నాడు.

"నీ ఎంగిలి దానికక్కర్లేదు."

హైవే మీద, ఇంజను వేడి చూపించే సూది సగం దగ్గరే ఉంది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే చల్లబరుస్తుంది, అందులో ఫ్యాను గొప్పేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియదు. నరసన్నపేట దాటి లోపలి రోడ్డులోకి తిరిగాక గడ్డి ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా బోల్తా పడి ఉంది. ముందూ వెనకా బళ్లు. ఎండ నెత్తికెక్కింది. బావ మొహం వెలిగింది.

"ఇంజనాపకూడదు. ఆపితే ఓడిపోనట్టే."

"అలగని నువ్వెప్పుడు సెప్పినావు?"

"ఇప్పుడు సెప్తన్నాను!"

ఆపలేదు. సూది కదిలింది. సగం దాటింది. బావ కిటికీలోంచి తల బయటపెట్టి లారీలేమైనా ఖాళీగా వస్తున్నాయా అని చూడ్డం మొదలెట్టాడు. నేను ఫ్యాను చప్పుడు వింటున్నాను. ఊగితే తెలుస్తుంది, రాసుకుంటే తెలుస్తుంది. ఒకటే జోరు, ఎక్కడా తేడా లేదు. ఎర్రగీత కింద సూది ఆగింది. జనం గడ్డి లాగి దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది, ఒక్క పిసరు పైకి పోలేదు.

బావ తల లోపలికి లాక్కుని బాటిలు ఎత్తి గటగటా తాగేశాడు.

ముఖలింగంలో ఆయన గుడిలోకెళ్లాడు. నేను బండి దగ్గరే ఉన్నాను. ఎంతసేపటికీ రాకపోతే లోపలికెళ్లి వెతికాను. లేడు. వీధిలో కిళ్లీకొట్టువాడిని అడిగితే, "ఆ పెద్దాయన ఆటో ఎక్కి ఎల్లిపోనారు కదా," అన్నాడు. నా పక్కన కూర్చుని ఇంటికి రావాల్సొస్తుందని ఆటోలో ఊగుకుంటూ పోయాడన్నమాట. ఓడిపోయానని నోటితో అనడు.

నేనొక్కడినే తిరిగొచ్చాను. కారు షెడ్డులో ఉంది, నడుస్తోంది. మండపం ముందు దిమ్మ మీద బావ సిమెంటు ఏనుగుని నిలబెట్టాడు. పిల్లలు ఎక్కి ఊగితే దాని తొండం అప్పుడే విరిగింది. వచ్చి అతికించి వెళ్లమని అక్కతో కబురు పెట్టించాడు. వెళ్లలేదు. వెళ్లను కూడా.