సొట్ట పడ్డ సున్నపుకాయ

ఈ పొద్దున నాకు లేని ఖాతాకు కేవైసీ చేయించుకోవాలట. కొనని లాటరీలో కారు తగిలిందట. కట్టేసిన కరెంటు బిల్లు మళ్ళీ కట్టకపోతే రాత్రికి లైను కోసేస్తారట. మూడు మెసేజీలూ చాయ్ చల్లారేలోపే వచ్చాయి. బీజాపూర్‌లో ఉద్యోగానికి చేరినప్పటినుంచి ఈ ఫోను చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది. మొదట్లో తిట్టుకుంటూ చదివేదాన్ని, ఇప్పుడు చదవకుండానే తుడిచేస్తాను. తుడిచినప్పుడల్లా మా మేనత్త సున్నపుకాయ గుర్తొస్తుంది.

మా తర్లగూడలో నా చిన్నతనాన కబురంటే మనిషే. జీపు డ్రైవరో, అంగడికి పోయేవాళ్ళో, గోదావరి దాటి మిరపకాయలు ఏరడానికి పోయేవాళ్ళో మోసుకెళ్ళేవారు. ఒట్టి నోటిమాటను ఎవరూ నమ్మేవారు కాదు. దాని వెంట గురుతు పోవాలి. కొందరు తువ్వాల పంపేవారు, కొందరు మొలలో పెట్టుకునే కత్తి. అత్త మాత్రం పొగాకులో నలుపుకునే సున్నం దాచుకునే ఇత్తడి సున్నపుకాయ పంపేది. దాని మూత పక్కన ఒక సొట్ట ఉండేది. ఆ సొట్టను తడిమి చూసుకున్నాకే చుట్టాలు కబురు వినేవారు. తెచ్చినవాడికి జావ పోసి, జవాబు చెప్పి, గురుతు తిప్పి పంపేవారు. సున్నపుకాయను ఖాళీగా పంపడం మర్యాద కాదు కాబట్టి చిటికెడైనా కొత్త సున్నం వేసేవారు. అది ఇంటికి చేరగానే అత్త మూత తీసి చూసేది.

"మా మరదలు చెయ్యి చూడు కోడలా, గోటితోని గీకి ఏసింది" అని నవ్వేది.

ఆ రోజులు ఎంత బాగుండేవో! కబురు ఆలస్యంగా వచ్చేది, కాని వచ్చిందంటే కడుపు నింపుకుని కూర్చుని మాట్లాడేది. ఇది ముసలి చాదస్తం అంటే అనండి, నాకేం బాధ లేదు.

ఊరికి టవరు వచ్చాక నా పాత ఫోను అత్తకిచ్చాను. ఆమెకు అంకెలు తప్ప అక్షరాలు రావు. అందుకని మెసేజీల యాప్‌లో మాట రికార్డు చేసి పంపడం నేర్పాను. నది అవతల చుట్టాలకూ దోర్నపాల్‌లో ఉన్న మా చిన్నాయనకూ, అంటే ఆమె తమ్ముడికీ, అరిచి అరిచి కబుర్లు పంపేది. సున్నపుకాయ గూట్లో కూర్చుంది.

ఇప్పపూలు రాలుతున్న రోజుల్లో ఆమె ఫోనుకొక మెసేజీ వచ్చింది. రేషన్ కార్డులో పేరు కొట్టేస్తున్నారని పక్కింటివాళ్ళు చదివి చెప్పారు. ఆ వెంటనే ఎవడో హిందీలో ఫోను చేశాడు. అత్త పేరు, ఊరు, కార్డు చివరి అంకెలు గడగడా అప్పజెప్పాడు. ఇప్పుడు మీ ఫోనుకొచ్చిన నంబరు చెప్పండి అన్నాడు. అత్త చదివి చెప్పేసింది.

తర్వాత నేను తల బాదుకుంటే ఆమెకు అర్థమే కాలేదు.

"వాడు గురుతు చూపిచ్చిండు. మన గురుతు మనం తిప్పి ఇయ్యద్దా? గది మర్యాదేనా?" అంది.

ఆ నంబరుతో వాడు ఆమె యాప్‌ను తన చేతిలోకి తీసుకున్నాడు. గంట తిరక్కుండా చుట్టాలందరికీ అత్త పేరుతో మెసేజీ వెళ్ళింది. ఆపదలో ఉన్నాను, డబ్బు పంపండి అని. నాకూ వచ్చింది, "ప్లీజ్" అన్న మాటతో సహా. మా అత్త జన్మలో ఎవరినీ బతిమాలింది లేదు. పక్కింట్లో చారెడు ఉప్పు బదులడగని మనిషి. నేను వెంటనే ఫోను చేసి సంగతి చెప్పాను.

"ఎవలెవలికి వోయిందే?" అని ఒక్కటే అడిగింది.

అందరికీ అన్నాను. ఫోను పెట్టేసింది. నేను సెలవు పెట్టి జీపెక్కాను. వెళ్ళేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అన్నం ముట్టలేదు. "నేను చెయ్యి చాపిన్నని అనుకుంటరు. ఇగ నా మాట ఎవలు నమ్ముతరు?" అని అదే పాట. యాప్‌ను తిరిగి ఆమె పేరున తెచ్చాను. అది అత్త పంపిన మెసేజీ కాదు, మోసం అని అందరికీ రాశాను కూడా. ఆమె తల అడ్డంగా ఊపింది. "గా రాత గూడ వాడే రాసిండనుకుంటరు" అంది.

మర్నాడు సాయంత్రం చిన్నాయన దిగాడు. కుంట, భద్రాచలం మీదుగా బస్సులు మారి మారి వచ్చి, మొహమంతా దుమ్ము. నేను రాసింది చూడనేలేదట. దారిలోనే ఫోను చచ్చిపోయిందట.

"మెసేజ్ వచ్చిందక్కా. సున్నపుకాయ రాలే. నీకేమైందోనని నేనే వచ్చిన."

అత్త లేచి కూర్చుంది. తమ్ముణ్ణి చూసి భోరున ఏడ్చింది. తర్వాత పొయ్యి రాజేసింది.

అతను తిరిగి వెళ్ళేటప్పుడు గూట్లోంచి సున్నపుకాయ తీసి చేతిలో పెట్టింది. అడుగున ఎండిన సున్నం పెచ్చు తప్ప అందులో ఏమీ లేదు. "తొవ్వల మనోళ్ళందరి ఇండ్లకు వో. గది నేనడగలేదని చెప్పు. ఇది చూపియ్యి" అంది.

తొలకరి పడేదాకా అది రాలేదు. ప్రతి జీపు చప్పుడుకూ ఆమె గడపలోకి వచ్చి నిలబడేదని పక్కింటివాళ్ళు చెప్పారు. నేను ఇంటికి వెళ్ళిన ఒక ఆదివారం జీపు డ్రైవరు వచ్చి గుడ్డలో చుట్టిన సున్నపుకాయ ఇచ్చాడు. అత్త ముందు అతనికి జావ పోసింది. అతను తాగి వెళ్ళాక బొటనవేలితో సొట్టను తడిమింది. మూత తియ్యబోతే రాలేదు. అంచున సున్నం గట్టిపడి పట్టేసింది. నేను కత్తి మొనతో లేపాను.

మూతకు అంటేంత నిండుగా ఉంది సున్నం. ఇంటింటికీ ఒక్కో చిటికె, పొరలు పొరలుగా, కొంత తెల్లగా కొంత పసుపుగా.

అత్త కళ్ళు తుడుచుకుంటూ నన్ను కసిరింది.

"ఇంత సున్నం నేనెప్పుడు తినాలెనే, కోడలా?"