వదినకు చెప్పని పేరు

ఒక ఆదివారం బట్టలు ఉతుకుతుంటే మా ఆయన బనియన్ మీద ఎడమవైపు, టీ చుక్క పడ్డట్టు చిన్న మరక కనిపించింది. ఆయన గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు. ఇస్నాపూర్‌లో మేము కిరాయికి ఉండే గదుల వరుసలో అందరి మగవాళ్ళదీ అలాంటి పనే. కంపెనీ బట్టలకు ఏదో ఒక రంగు, వాసన అంటుకొని రావడం మాకు అలవాటు. వాటిని వేరే బకెట్లో సోడా వేసి నానబెట్టేవాళ్ళం. నేనూ అలాగే నానబెట్టాను. మరుసటి వారం అదే చోట మరక. ఆ పై వారం కూడా. కంపెనీ మందు పౌడరు అయితే బట్టంతా పడాలి కదా, ఒక్కచోటే ఎందుకు పడుతుందని నాకు తోచలేదు. నేను డిగ్రీ చదివినదాన్ని. దాదాపు రెండు నెలలు ఆ మరకను రుద్ది రుద్ది పోగొట్టాను.

మాకు అప్పుడు ఏడాదిన్నర పాప. ఒకనాడు ఆయన మీదికి ఎక్కి ఆడుతుంటే దాని తల ఛాతీకి తగిలి, ఆయన నొప్పితో ముడుచుకుపోయారు. చెయ్యి పెట్టి చూశాను. చనుమొన కింద చింతగింజంత గట్టి గడ్డ ఉంది. చనుమొన లోపలికి లాగినట్టు ఉంది.

డ్రమ్ములు ఛాతీకి ఆనించుకొని ఎత్తుతామని, అక్కడ ఒరుసుకొని గట్టిపడిందని ఆయన అన్నారు. తోటివాళ్ళకు కూడా అక్కడ చర్మం కాయ కాసి ఉంటుందట. నేను నమ్మాను. వీధి చివర ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు ఇంకో మూడు వారాలు రాశాను. అప్పటికీ తగ్గకపోతే ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ గడ్డ చూసి, చంకలో కూడా నొక్కి చూసి, సిటీలోని క్యాన్సర్ ఆసుపత్రికి కాగితం రాసింది.

మామోగ్రామ్ గది బయట బెంచీల మీద అందరూ ఆడవాళ్ళే. మా ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. నర్సు బయటికి వచ్చి నా చేతిలో గౌను పెట్టి, జాకెట్ విప్పి ఇది వేసుకొని రమ్మంది. నేను కాదు, ఆయన అని చెప్పాను. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆయన రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని లోపలికి నడిచారు.

గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్.ఎన్.ఎ.సి. పరీక్ష చేశారు, తరువాత ముక్క తీసి బయాప్సీ. రిపోర్టు వచ్చిన రోజు సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "ఇది బ్రెస్ట్ క్యాన్సర్. మగవాళ్ళకు కూడా వస్తుందమ్మా. తక్కువగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఆలస్యంగా వస్తారు." మరక ఎప్పటినుంచి అని అడిగితే నేనే చెప్పాను. సర్జన్ రాసుకొని పేజీ తిప్పారు. రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది.

ఆసుపత్రి బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు మా ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు.

"ఈ పేరు ఎవ్వరికి చెప్పకు. కంపెనీల తెలిస్తే నాకు ఏం పేరు పెడ్తరో ఎరికేనా? అక్కకు గూడ చెప్పకు. ఛాతిల గడ్డ అయింది, తీసేస్తరు అని చెప్పు, సాలు."

సరేనన్నాను. ఆయన కోసమే ఒప్పుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకూ సిగ్గుగానే ఉంది. ఆ పిల్ల మొగుడికి ఆడవాళ్ళ రోగం వచ్చిందట అని బోరింగు దగ్గర అనుకుంటారని భయపడ్డాను.

అక్క అంటే ఆయన సొంత అక్క, బాలమణి వదిన. రుద్రారం అవతల ఒక పల్లెలో ఉంటుంది, పొలం పనికి పోతుంది. మా అత్తగారు ఆయన చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది ఈమే. ఎస్.టి.డి. బూత్ నుంచి వాళ్ళ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి ఆపరేషన్ సంగతి చెప్పిస్తే, మరునాడు పొద్దున్నే చిన్న మూటతో దిగింది. ఎందుకు రావాలి, ఎన్నాళ్ళు ఉండాలి లాంటి మాటలేవీ లేవు. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూసింది.

"బి.ఏ. సదివినవ్ గని, అన్నం మాడకుండ వండుడు ఏ కాలేజిల చెప్పలేదా పిల్లా? జరుగు. పోయి జెరసేపు పండుకో. నేనున్న గద."

ఆ మాటకు నేను గోడకు ఆనుకొని ఏడ్చాను. రిపోర్టు వచ్చినప్పటినుంచి నన్ను పడుకోమన్న మనిషి ఆమె ఒక్కతే.

ఎడమవైపు రొమ్ము మొత్తం తీసేసే మాస్టెక్టమీ చేశారు. డిస్చార్జి చేసే రోజు సర్జన్ నన్ను పక్కకు పిలిచి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా అని అడిగారు. అత్తగారు రొమ్ము మీద పుండుతో పోయారని విన్నట్టు చెప్పాను. ఆయన కలం ఆగింది.

"మీ ఆయనకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా? అయితే వాళ్ళను తప్పకుండా పరీక్ష చేయించండి. ఇది రక్తంలో వచ్చేది కావచ్చు."

తలూపాను. ఆ మాట సర్జన్ డిస్చార్జి కాగితం చివర ఇంగ్లీషులో కూడా రాశారు. బాలమణి వదిన అప్పుడు వరండాలో పాపకు బిస్కెట్ నీళ్ళలో ముంచి తినిపిస్తోంది. నేను కాగితం మడిచి ఫైల్లో పెట్టి, ఫైలు ఆమెకే ఇచ్చాను. తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి తన సంచిలో పెట్టుకుంది.

ఆ తరువాత కీమో. మూడు వారాలకొకసారి సిటీకి వెళ్ళేవాళ్ళం. ఒక చేత పాప, ఇంకో చేత ఆ సంచి పట్టుకొని వదిన ప్రతిసారీ మాతో బస్సెక్కేది. అడగగానే ఫైలు తీసి ఇచ్చేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఒకసారి కట్టు మారుస్తూ, గడ్డకు ఇంత కోస్తారా అని అడిగింది. వేరు దాకా తీశారని అబద్ధం చెప్పాను. మూడో కీమో తరువాత ఆయనకు రక్తంలో తెల్లకణాల కౌంట్స్ పడిపోయి, జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఈ గండం దాటాక వదినకు చెబుదాం అనుకున్నాను. దాటింది. నేను చెప్పలేదు. ప్రతి వాయిదాకూ నా దగ్గర ఒక మంచి కారణం ఉండేది.

నాలుగు నెలలు గడిచాయి. పాపను ఎప్పుడూ ఎడమ చంకన వేసుకునే వదిన కుడివైపుకు మార్చుకోవడం ఒకరోజు గమనించాను. పాప ఎడమవైపుకు ఎగబాకితే మెల్లగా తప్పిస్తోంది. ఏమైందని అడిగాను. రొమ్ములో ఏదో గడ్డోలె తగులుతోందని, నొప్పి లేదని, తమ్ముని పని అయినాక చూపించుకుంటానని చెప్పింది. అక్కడే ఆమె ముందు కూర్చొని మొత్తం చెప్పాను. జబ్బు పేరు, అత్తగారి గురించి డాక్టరు అడిగిన మాట, పరీక్ష చేయించమన్న మాట.

వదిన పాప జుట్టు సర్దుతూ అడిగింది.

"డాక్టరు ఎప్పుడు చెప్పిండు?"

"డిస్చార్జి నాడు వదినా. కాయితం మీద గూడ రాసిండు."

"గా కాయితం నా సంచిల్నే ఉన్నది గద పిల్లా."

లోపలినుంచి మా ఆయన వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. మాట తప్పినందుకు నన్ను తిడతారనుకున్నాను. "నేనే చెప్పొద్దన్న అక్కా" అన్నారు.

వదిన ఆయన వైపు చూడలేదు. "నీకు సిగ్గయింది, సరే. మొగోనివి. సదువుకున్నది, దీనికేమైంది?"

నేను ఆ సంచిలోంచి ఫైలు తీసి, చివరి వాక్యం ఆమెకు తెలుగులో చదివి వినిపించాను.

రెండో రోజు ఆయనే అక్కను తీసుకొని అదే ఆసుపత్రికి వచ్చారు. కీమోకు జుట్టంతా రాలిన తలతో, అవే బెంచీల మీద, ఆడవాళ్ళ మధ్య ఆమె పక్కన కూర్చున్నారు. ఈసారి గోడవైపు తిరగలేదు. సర్జన్ పరీక్ష చేసి, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "పనిల పడి సూస్కోలేదు సారూ."

సర్జన్ మా ఫైలు వైపు, నా వైపు చూశారు. వదినకూ అదే జబ్బు, చంకలోని గ్రంథులకు అప్పటికే పాకింది. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదని తరువాత ఒంటరిగా వెళ్ళి అడిగాను. "అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఓదార్చలేదు. శిక్ష కూడా వేయలేదు. మధ్యలో వదిలేసింది.

ఇది జరిగి మూడేళ్ళు. మా ఆయన జబ్బు తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నారు. కంపెనీలో స్టోర్స్‌కు మారారు. జబ్బు పేరు అక్కడ తెలిసింది. కొన్నాళ్ళు నవ్వారు, తరువాత మరిచిపోయారు. మేము అంతగా భయపడింది ఆ కొన్నాళ్ళ నవ్వుకే. వదినకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఎడమ చెయ్యి వాచింది, వరినాట్లకు పోలేకపోయింది. పోయిన నెల స్కాన్‌లో వెన్నులో ఒక మచ్చ కనబడింది. మళ్ళీ కీమో మొదలుపెట్టారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆమెనూ పాపనూ పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అన్నం మాడితే మాత్రం ఇప్పటికీ అంటుంది.

ఇంట్లో మగవాళ్ళకు ఈ జబ్బు వచ్చి, వాళ్ళను చూసుకుంటున్న అక్కచెల్లెళ్ళకు ఒకటే చెప్పగలను. డాక్టరు మాట పూర్తిగా వినకముందు ఎవరికీ ఏ మాటా ఇవ్వకండి. రక్తసంబంధం ఉన్నవాళ్ళ గురించి ఆయన చెప్పింది తెలుగులో రాయించుకొని, ఆ రోజే వాళ్ళకు చదివి వినిపించండి. ముఖ్యంగా మనకు తోడు నిలబడే మనిషి ఆ పేరు తెలుసుకొని నిలబడాలి.

మా పాపకు ఎప్పుడు చెప్పాలని మొన్న డాక్టరును అడిగాను. చదువు పూర్తయ్యే వయసుకు చెప్పి, పరీక్షలు మొదలుపెట్టమన్నారు. ఇంటికి రాగానే పాప కోసం ఒక కొత్త ఫైలు అట్ట, పెన్ను మా ఆయన ముందు పెట్టాను. పాప పేరు రాశారు. కింద "నాన్నకు, మేనత్తకు రొమ్ము క్యాన్సర్" అని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం చేసి, ఎలా ఉందో చూడమని అక్క చేతికి ఇచ్చారు.