శుక్రవారం బస్సు రాలేదు

ఈరోజు అనంతపురం బస్టాండులో వేయించిన శెనక్కాయలు కొన్నాను. పొట్లం కట్టిన పాత కాగితం అడుగున 'సశేషం' అని ఉంది. ఆ మాట చూడగానే మళ్లీ అదే పాత ఆత్రం. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది కదా, వారపత్రికలో సీరియల్ కోసం వారమంతా కాలు ఒకచోట నిలిచేది కాదు!

మా ఊరు కంబదూరుకు పత్రిక శుక్రవారం బస్సులో వచ్చేది. మా అవ్వ శెనక్కాయలు ఒలుస్తుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. నాయనకు అది గిట్టేది కాదు. అటు తిరిగి పగ్గాలు పేనుకుంటూ, "ఎప్పుడు జూసినా కతలేనా? పని యాడ సాగుతాది?" అని కసిరేవాడు.

ఒకసారి కథలో చిన్నపిల్ల పాడుబావిలో పడిపోయింది. సరిగ్గా అక్కడే ఆపేశారు. ఆ తరువాతి శుక్రవారం బస్సు రాలేదు. నేను రోడ్డుకూ ఇంటికీ తిరుగుతూనే ఉన్నాను. అవ్వకు ముద్ద దిగలేదు. "ఆ పిల్ల ఏమైపోయిందో ఏమో" అని ఒకటే గొణుగుడు.

మర్నాడూ బస్సు రాలేదు. నాయన ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. మా గోల భరించలేక ఎటో పోయాడనుకున్నాను.

పొద్దుగూకే వేళకు ఒళ్లంతా దుమ్ముతో వచ్చాడు. కళ్యాణదుర్గం దాకా తొక్కాడట. చొక్కా లోపలి నుంచి పత్రిక తీసి నా చేతిలో పెట్టాడు. అవ్వ అందించిన నీళ్లచెంబు కూడా తీసుకోకుండా నా పక్కన కూలబడ్డాడు.

"బిన్నా సదువు పాపా," అని తొందరపెట్టాడు. "ఆ బిడ్డ బతికిందా, లేదా?"