ఒంటి వాల్వు గరగర

దుర్గాప్రసాద్ చెవికి లోకంలో ఏ శబ్దమూ సాపుగా వినపడదు. కోడి కూతా గరగరే, కిరండూల్ రైలు కూతా గరగరే. సంతలో కూరలమ్మే కనక "వంకాయలూ" అని అరిస్తే, "గొంతులో రెండో హార్మోనిక్ ఎక్కువైంది, కాస్త తగ్గించుకో తల్లీ" అన్నాడు. కనక తగ్గించుకోలేదు సరిగదా, అరకులోయంతా వినపడేలా తిట్టింది. ఆ తిట్లను కూడా తల వంచి శ్రద్ధగా విని, "ఇది మూడో హార్మోనిక్" అన్నాడు.

రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఒక్క వాల్వుతో పాడే ఆంప్లిఫయరు చేసుకున్నాడు. వాల్వంటే పాత రేడియోల్లో ఎర్రగా కాలే గాజుబుడ్డి. ఏ పాట పెట్టినా దాని వెనకే పిలవని గొంతొకటి రెట్టింపు కీచుతో తోడు పాడుతుందట; హార్మోనిక్ అంటే అదేనట. దాన్ని తోలెయ్యడమే ఆయన పని. ఆ పనిలో అలసిపోయింది మాత్రం పక్కింటి దేముడమ్మ.

"దేముడమ్మప్పా! బేగి రా! ఇయ్యాల గరగర తగ్గినట్టుంది!"

పొద్దు వాలితే చాలు, దడి మీంచి ఇదే కేక. దేముడమ్మ ఉసూరుమంటూ అడ్డాకుల కట్ట చంకన పెట్టుకుని వెళ్ళేది. విస్తళ్ళు కుట్టి బతికే మనిషికి పాటలతో ఏం పని?

"నీ సెవులు సాలవేటి బాబూ?"

"నా సెవుల్ని రైళ్ళు తినీసాయి. నీవి పాము సెవులు. పాటల పెట్టి దగ్గరకంటా కూకో. ఒక్క వాల్వు గనకే ఈ గోల. జంట పెడితే ఒకదాని తప్పు ఒకటి దిద్దుకుంటాయి."

"మరి పెట్టవేటి?"

"జంటలో ఈ అందం ఉండదప్పా."

"అవున్లే, పెళ్ళాన్ని తేనోడివి, వాల్వుకేటి తోడు తెస్తావు!"

ఆ వాల్వు పాడినా మానినా ఒకేలా కాలేది. "మా ముసిలోడూ ఇంతే. పని సేసినా మానినా తిండి ఒకటే" అని సణుగుతూ, దేముడమ్మ వేళ్ళు ఆ వేడికి చాపి, ఆకులు కుట్టుకునేది.

చలికాలం వస్తే ఆ వేళ్ళు కొయ్యబారేవి. పుల్ల పట్టుకోవడానికి వంగేవి కావు. కుట్టు ఆగితే కూడు ఆగుతుంది. అయినా ఎవరో దుప్పటి ఇవ్వబోతే, "నానేటి అడుక్కుంతన్నానా?" అని మొహానే విసిరింది. ప్రసాద్ హీటరు తెస్తే దడి దాటనివ్వలేదు.

మొన్న మంచు దట్టంగా దిగిందని దేముడమ్మ కేక రాకముందే బయల్దేరింది. తలుపు ఓరగా ఉంది. లోపల పాట గెడ్డనీరులా తేటగా పారుతోంది. గరగర లేదు, కీచు లేదు. ప్రసాద్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఆమె దగ్గు వినపడగానే ఉలిక్కిపడి, పచ్చ వైరొకటి లాగేశాడు. బయటికెళ్ళే పాటలో చిటికెడు వెనక్కి తెచ్చి, తప్పు దిద్దే వైరు అది. ఆయనే ఓసారి గొప్పగా చూపించాడు. పాట కాస్తా బొంగురుపోయింది.

"వచ్చీసినావా అప్పా? సూడు, మల్లీ అదే గరగర! ఈ కొంప వదల్దు."

దేముడమ్మ పచ్చ వైరు వంక చూసింది. ఎర్రగా కాలుతున్న వాల్వు ముందు, తన కోసం అప్పటికే పరిచి ఉన్న గోనెపట్టా వంక చూసింది. వెనక్కి పంపిన హీటరు గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే వెచ్చబడి ఆగిపోయింది.

కూర్చుంది. వేళ్ళు చాపింది. అవి వదులయ్యాక ఆకులో పుల్ల గుచ్చింది.

"ఎలాగుందప్పా?"

"ఏటుంటాది, సెండాలంగా ఉంది" అంది విసుగ్గా. "ఇది ఇప్పట్లో సాపయ్యేది కాదు బాబూ. సలికాలం ఎల్లేదాకా రోజూ సూడాల్సిందే. నా కరమ!"