శంషాబాద్‌లో మరిగిన డికాక్షన్

తొంభైల్లో బెంగళూరు వెళ్తుంటే శంషాబాద్‌లో మా బస్సు చెడిపోయింది. బయటి కాఫీని నమ్మను కాబట్టి ఇత్తడి ఫిల్టరు, కాఫీపొడి నా సంచిలోనే ఉంటాయి. రోడ్డు పక్క ఇంట్లో వేణ్ణీళ్లు అడిగి, చుక్కచుక్కగా దిగే డికాక్షన్‌కు కాపలా కూర్చున్నాను.

ఓసారి బస్సు దాకా వెళ్లొచ్చేసరికి ఇంటావిడ డికాక్షనంతా పాలల్లో పోసి, అల్లం దంచి వేసి, తెగ మరిగిస్తోంది.

"డికాక్షన్ మరిగించకూడదమ్మా" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్లకు పచ్చిది తాపుతమా అన్నా?"

సిగ్గు విడిచి చెప్తున్నాను, బాగుంది.

ఆవిడ లోపలున్న భర్తతో అంది: "పాపం, ఈ అన్నకు ఇంట్ల చాయ్ పెట్టేటోళ్లు లేనట్టున్నరు. డబ్బా పట్టుకొని తిరుగుతుండు."

జాలిపడి గ్లాసు మళ్లీ నింపబోయింది. నాకు భార్య ఉందని చెప్పకుండా, వీలైనంత దీనంగా మొహం పెట్టాను.