నొక్కితే తెరుచుకునే సొరుగు

తిరువూరు మెయిన్ రోడ్డులో ముప్పై ఏళ్లుగా హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మేకు దగ్గర్నుంచి మోటారు పైపు దాకా ఏది అడిగినా లేదనడం నాకు ఇష్టం ఉండదు. ఇవాళ లేకపోతే రేపు బెజవాడ నుంచి తెప్పించి చేతిలో పెడతాను. అలాంటి నన్ను ఐజాక్ మాస్టారి బల్ల సొరుగు ఒకటి తల దించుకునేలా చేసింది.

ఐజాక్ మాస్టారు మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయన చెయ్యి నా వీపు మీద పడని వారం లేదు. "ఒరేయ్ కృష్ణారావ్, రేపు కొట్లో కూర్చోవాల్సినవాడివి, భిన్నాలు రాకపోతే ఎట్లారా?" అనేవారు. రిటైరవడానికి రెండేళ్ల ముందు హైదరాబాదు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చారు. అందులో రాసుకునే బల్ల ఉందన్నారు. విప్పి చూస్తే అన్నీ విడి చెక్కలు, ఒక బొమ్మల కాగితం, పొట్లం నిండా మరలు. వడ్రంగి జోజిబాబుని పంపిస్తానంటే వద్దన్నారు. రెండు రోజులు నేల మీద కూర్చుని, ఆ బొమ్మలు చూసుకుంటూ తనే బిగించారు. చివరికి ఒక మర మిగిలింది. దాన్ని పట్టుకుని నా కొట్టుకొచ్చి, "ఇది ఎక్కడిదిరా?" అని నిలదీశారు, అదేదో నేను చేసిన తప్పులాగా.

ఆ బల్లకి రెండు సొరుగులు. వాటికి పిడి ఉండదు. బొటనవేలితో నొక్కితే చాలు, సొరుగు టక్కుమని నాలుగంగుళాలు బయటికొస్తుంది. ఇంటికి ఎవరెళ్లినా మాస్టారు ముందు ఆ వింత చూపించి, తర్వాతే కాఫీ ఇప్పించేవారు.

నాలుగేళ్ల క్రితం ఆయనకి మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు తేదీలు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. నన్ను పోస్టుమాన్ అనుకుంటారు. భార్య హన్నమ్మగారిని స్కూలు ఆయా అనుకుని, "ఆయమ్మా, మంచినీళ్లు" అంటారు. నలభై ఐదేళ్లు కాపురం చేసిన మనిషి పేరు ఏడాదిన్నరగా ఆయన నోట రాలేదు. "ఏదో ఒకటి, పిలుస్తున్నారు కదండీ" అని ఆవిడ నవ్వేస్తారు. ఆ నవ్వు నాకు చూడబుద్ధి కాదు.

ఆయనకి మిగిలింది ఆ సొరుగొక్కటే. పొద్దున స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, ఎనిమిదిన్నరకి బల్ల ముందు కూర్చుంటారు. పై సొరుగు నొక్కుతారు. అది తెరుచుకుంటుంది. ఎర్ర పెన్ను తీసి, హన్నమ్మగారు అందులో పెట్టి ఉంచిన పాత నోటుబుక్కులు దిద్దుతారు. ఆ పని సాగితే రోజంతా నిమ్మళంగా ఉంటారు, పెట్టింది తింటారు.

పోయిన వేసవిలో ఆ సొరుగు లోపలి స్ప్రింగు విరిగింది. మాస్టారు నొక్కారు, రాలేదు. బొటనవేలు కమిలేదాకా నొక్కారు. "ఎవరో తాళం వేశారు. ఇది మా బడి కాదు, నన్ను ఇంటికి పంపించండి" అంటూ చెప్పులు కూడా లేకుండా బయటికి నడిచారు. మిట్టమధ్యాహ్నం ఎ.కొండూరు రోడ్డు మీద దొరికారు. మర్నాడూ అదే గొడవ. సొరుగు ముందుగానే తెరిచిపెడితే, మూసి మళ్లీ నొక్కారు. పిడి బిగిస్తే దానివంక చూడనైనా లేదు. జోజిబాబు వేరే బల్ల తెచ్చి వేస్తే, "ఇది హెడ్మాస్టారిది" అని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు హన్నమ్మగారు నా కొట్టుకొచ్చారు. విరిగిన ముక్కని జేబురుమాల్లో చుట్టి తెచ్చారు.

"కృష్ణారావుగారూ, అచ్చం ఇట్లాంటిదే కావాలండి. ఆయన చేతికి తేడా తెలియకూడదు."

"అదెంత పనమ్మగారూ!" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నోటిని నేనే తిట్టుకుంటాను.

ఆ బల్ల చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడొచ్చే స్ప్రింగులు పొడుగెక్కువ. ఒకటి బిగించి చూస్తే సొరుగు పూర్తిగా మూసుకోక వేలెడు బయటే నిలిచింది. కొంచెం వెనక్కి జరుపుదామని జోజిబాబు కొత్తగా తూటు వేశాడు. అది చెక్క అయితే కదా! రంపపు పొట్టుని జిగురుతో అదిమి చేసిన అట్ట. మర తిప్పగానే పొడిపొడిగా రాలింది.

"అసలైన కర్ర అయితే నా ప్రాణం పెట్టి బాగుచేస్తానండి. దీన్ని ఏం చెయ్యను?" అని జోజిబాబు ఉలి కింద పడేశాడు. కాసేపటికి అతనికే ఒక ఆలోచన వచ్చింది. "కింద సొరుగుది బాగానే ఉందిగా. అది ఊడదీసి పైదానికి పెట్టేద్దామండీ. కిందది మాస్టారు ముట్టుకోరు."

ఎంత తేలిక! అప్పుడే సరేనని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు షాపువాడి బుద్ధి అడ్డొచ్చింది. మా వ్యాపారంలో శాంపిల్ లేనిదే సరుకు రాదు. విరిగిన ముక్కతో కొలత తెలియదు, మంచిది పంపితే అలాంటివి నాలుగు తెప్పించి పెట్టుకోవచ్చు, మళ్లీ విరిగినా భయం ఉండదు. "రెండు రోజులు ఓపిక పట్టండమ్మగారూ, జన్మకి సరిపడా తెప్పిస్తాను" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం జోజిబాబు వైపు చూశారు. తర్వాత, "మీకు తెలియందేముందండీ" అన్నారు.

కింద సొరుగు స్ప్రింగు ఊడదీసి, చీటీ కట్టి, సరుకు వ్యానులో బెజవాడ హోల్‌సేల్ షాపుకి పంపించాను. రెండు రోజులు కాస్తా ఎనిమిదయ్యాయి. ఫోన్ చేస్తే అవతల కుర్రగొంతు, "అది ఇప్పుడు రావట్లేదండి" అంది.

"సరే, నా శాంపిల్ నాకు పంపండి."

"పాతదే కదండీ. స్క్రాపులో వేశాం. లోడు మొన్ననే వెళ్లిపోయింది."

నేను అరిచాను, తిట్టాను. మర్నాడు స్వయంగా వెళ్లి ఆ షాపు వెనక గోతాలన్నీ తిరగేశాను. ఒక్కటి కూడా దొరకలేదు. ఉన్న ఒక్కదాన్నీ నా చేతులతో నేనే పోగొట్టాను. ఆ సంగతి హన్నమ్మగారికి చెబితే, "మీరు మాత్రం ఏం చేస్తారండీ" అని కాఫీ ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

సిగ్గుతో పదిహేను రోజులు ఆ వీధికే వెళ్లలేదు. తర్వాత ఒక పొద్దున ఉండబట్టలేక వెళ్లాను. బల్ల గోడకి మూరెడు దూరం జరిపి ఉంది. వెనక పలచటి అట్ట తీసేశారు. ఆ సందులో, చిన్న పీట మీద, డెబ్బైకి దగ్గరపడుతున్న హన్నమ్మగారు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ముందువైపు మాస్టారు సొరుగు నొక్కారు. ఆవిడ వెనక నుంచి అరచేత్తో దాన్ని ముందుకు తోశారు. తోస్తూ నాలుకతో "టక్" అన్నారు. మాస్టారు తృప్తిగా పెన్ను తీసుకున్నారు. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చేశాను.

మొన్న ఆవిడ కంటి శుక్లం ఆపరేషనుకి కూతురు మేఘనతో బెజవాడ వెళ్లాల్సి వచ్చింది. మాస్టారికి తోడుగా వినగడప నుంచి ఆవిడ తమ్ముడు స్టీఫెన్ వచ్చాడు. భారీ మనిషి, ఆ సందులో పట్టడు. "సొరుగు సంగతి నేను చూసుకుంటానమ్మగారూ" అన్నాను. ఆవిడ నా చేత రెండుసార్లు టక్ అనిపించి, బాగానే ఉందన్నాక బస్సెక్కారు.

ఎనిమిదింటికే వెళ్లి పీట మీద కూర్చున్నాను. మాస్టారు వచ్చారు, కుర్చీ లాక్కున్నారు. ఆయన కాళ్లు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. నొక్కారు. నాకు నోరు ఎండిపోయి టక్ రాలేదు. కంగారులో సొరుగు తోయడం కూడా ఆలస్యమైంది. పెన్ను తీసిన చప్పుడు కాలేదు. బల్ల కిర్రుమంది, మీదికి వంగినట్టున్నారు. ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగారు.

"హన్నా, మోకాళ్లు నొప్పెడుతున్నాయా? నువ్వెళ్లి పడుకో. నేను తీసుకుంటాలే."

బదులు చెబితే మగగొంతు. చెప్పకపోతే ఆయన ఎదురుచూస్తున్నారు. చివరికి తనే పెన్ను తీసుకుని దిద్దుకోవడం మొదలుపెట్టారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. కంటికి కట్టు కట్టారట. "సొరుగు తెరుచుకుందా అండీ?" అన్నదే మొదటి మాట. జరిగింది చెప్పాను.

"ఇంకోసారి చెప్పండి. ఆయన అన్నది అన్నట్టే చెప్పండి" అన్నారు.

చెప్పాను. మూడోసారి కూడా అడిగారు.

మూడో రోజు తిరిగొచ్చారు. వంగొద్దని డాక్టరు చెప్పాడంటే వినకుండా, మర్నాడే నల్లకళ్లద్దాలతో వెళ్లి ఆ పీట మీద కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మాస్టారు నొక్కారు. ఆవిడ తోయలేదు. చెయ్యి సొరుగు మీదే ఉంది, కావాలనే ఆగారు. ఆయన మళ్లీ నొక్కారు. ఆవిడ తల ముందుకు వంచి చెవి అటు పెట్టారు. మూడోసారి నొక్కి మాస్టారు, "తాళం..." అన్నారు. ఆవిడ గబుక్కున సొరుగు తోసి, టక్ అన్నారు.

మాస్టారు పెన్ను తీసుకుని నోటుబుక్కు తెరిచారు.

"ఆయమ్మా, మంచినీళ్లు" అన్నారు.

హన్నమ్మగారు బల్ల పట్టుకుని మెల్లగా లేచి, వంటింట్లోకి వెళ్లారు.