ఎర్ర రిబ్బను కట్టిన గోంగూర మొక్క

“నువ్వే ముట్టుకున్నావు అమ్మమ్మా! నాకు తెలుసు!”

“నేనెందుకు ముట్టుకుంటానే? నాకేం పనిలేదా?”

“మరి దీని తల ఏదీ? నిన్న ఫార్టీ సెవెన్ సెంటీమీటర్స్. ఇవాళ థర్టీ ఎయిట్! ప్లాంట్ కిందకి పెరుగుతుందా?”

“లైటు సెగకి మాడి రాలిపోయుంటది. అన్నిటికన్నా ఎత్తు ఎదిగింది గదా, దానికే తగిలింది. అరవమాకు, పక్క ఫ్లాటు వాళ్ళు వింటారు.”

“రాలితే కింద ఉండాలి కదా. ఎక్కడ? ప్లాస్టిక్ కవర్లో పెట్టి టీచర్‌కి చూపిస్తా.”

“పొద్దున ఊడ్చేశాను.”

“అయ్యో, అమ్మమ్మా! వై యు స్వీప్!”

పదకొండేళ్ళ నా మనవరాలు యూనిఫాం కూడా విప్పకుండా, చేతిలో స్కేలు పట్టుకుని నన్ను నిలదీసిన తీరు అది. నేను చెప్పిందంతా అబద్ధం. ఆ మొక్క తల లైటుకి మాడలేదు, రాలలేదు, నేను ఊడ్చనూ లేదు. పొద్దున పదిన్నరకి నా గోటితో తుంచి పప్పులో వేశాను. బడి నుంచి రాగానే ఆ పప్పే అన్నంలో కలుపుకుని, రెండోసారి వడ్డించుకుని మరీ తిని, మూతి తుడుచుకుని, ఆ తర్వాత మొక్కని కొలవడానికి వెళ్ళింది పిచ్చిది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా అమ్మాయి వాళ్ళు ఉండేది పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో, పదకొండో అంతస్తు ఫ్లాటు. ఎదురుగా ఇంకో బ్లాకు అడ్డం ఉండటంతో ఎండ సరిగా రాదు. బయట కారిడార్లో కుండీలు పెడితే దారికి అడ్డమని మున్సిపాలిటీ వాళ్ళు కాగితం అంటించి పోతారు. మనవాళ్ళ అంగళ్ళుండే లిటిల్ ఇండియాలో కొన్న గోంగూర కట్ట రైల్లో ఇంటికొచ్చేసరికి వడలిపోతుంది, పైగా అందులో సగం కాడలే. కాడలకి డబ్బులు పోయడం నా వల్ల కాదు. అందుకని విత్తనాల పొట్లం తెప్పించి ఇంట్లోనే పెంచడం మొదలుపెట్టాను.

ఇంట్లో అంటే స్టోరు గదిలో. ఇక్కడ కొత్తగా కట్టిన ఫ్లాట్లలో, యుద్ధం వస్తే దాక్కోమని ఒక గది కడతారు. ఇనుప తలుపు, మందపాటి గోడలు, కిటికీ ఉండదు. యుద్ధం రాలేదు కాబట్టి అందరూ అందులో సూట్‌కేసులూ పాత ఫ్యాన్లూ పెట్టుకుంటారు. నేను గోంగూర పెట్టాను. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు పని చేసే మా అల్లుడు పైనుంచి గొలుసుతో ఒక లైటు వేలాడదీసి ఇచ్చాడు. ఇచ్చి, “అత్తయ్యా, ఈ దేశంలో కిటికీ లేని గదిలో లైటు పెట్టి ఆకులు పెంచుతున్నామని ఎక్కడా చెప్పకండి. ఆ గంజాయి ఆకూ ఈ గోంగూరా చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. నా ఉద్యోగం సంగతి అటుంచండి, మెడకే వస్తుంది, ఇక్కడ గంజాయికి ఉరి వేస్తారు” అన్నాడు. “వచ్చిన వాళ్ళకి పచ్చడి పెడతాను, తిని చూసి తెలుసుకుంటారు” అన్నాను. ఆయన నవ్వాడు గానీ, ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు వెళ్ళి ఆ ఇనుప తలుపు మూస్తాడు.

లైటు ఒక్కటే. రెండోది కొంటామంటే నేనే వద్దన్నాను. ఒక్క లైటు కింద పన్నెండు మొక్కలు బతకాలంటే అన్నీ ఒక్క ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి లేచిందంటే వెలుగంతా అదే తాగుతుంది, దాని నీడన ఉన్నవి పాలిపోయి, సన్నబడి, వంగిపోతాయి. ఆరుబయట ఎండకి ఈ బాధ లేదు, పొద్దు తిరుగుతుంది కాబట్టి అందరికీ అందుతుంది. లైటు తిరగదు. అందుకని మనమే తిరగాలి. నడిమి కుండీలు రెండు రోజులకోసారి అంచుకి జరపాలి, అంచువి నడిమికి తేవాలి. పొట్టివాటి కింద బిస్కెట్ డబ్బాలు పెట్టి ఎత్తు చేయాలి. పొడుగువాటిని వంచి, చీర అంచు చించిన పీలికతో కుండీకి కట్టాలి. అదీ నీళ్ళు పోయకముందే, కాడ కాస్త మెత్తబడి ఉన్నప్పుడు. నీళ్ళు తాగిన కాడ వంచితే చిటుక్కుమంటుంది. అయినా గోంగూర నయం, లోపల విరిగినా పైన నార పట్టుకుని ఉంటుంది, నాలుగు రోజుల్లో అతుక్కుంటుంది. ఎత్తు గుర్తు కోసం ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక లంగా బొందు లాగి కట్టాను. బొందు దాటిన ప్రతి తలా తుంచడమే.

తలలు తుంచడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. మూడో తరగతితో బడి మానిపించి నన్ను పొగాకు చేలల్లోకి పంపారు. పొగాకు మొక్క పూతకి రాగానే తల విరిచేస్తాం, ఆకు మందమవుతుంది. ఆ తర్వాత పక్కనుంచి పిలకలు వస్తాయి, అవీ గిల్లేస్తాం, లేకపోతే బలమంతా అవి లాక్కుంటాయి. ఆ అలవాటు కొద్దీ మొదటి కాపులో గోంగూరకి కూడా తల తుంచి, వచ్చిన పిలకనల్లా గిల్లేశాను. నెల తిరిగేసరికి పన్నెండు కర్రలు నిలబడ్డాయి, ఒక్కొక్కదానికి నాలుగు ఆకులు. గోంగూరకి పిలకలే పంట అన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. మా అమ్మాయి చూసి, “ఏందమ్మా, గోంగూర పెంచుతావనుకుంటే చీపురు పుల్లలు పెంచావు” అంది. రెండో కాపుకి చెయ్యి అదుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు పైనుంచి చూస్తే పచ్చటి దుప్పటి పరిచినట్టు ఉంటుంది.

ఆ దుప్పటిలోంచి ఒకటి బెత్తెడు పైకి పొడుచుకొచ్చింది. దానికి నా మనవరాలు ఎర్ర రిబ్బను కట్టింది. బడిలో సైన్సు పనట. ఒక మొక్కని తుంచకుండా, వంచకుండా వదిలేస్తే లైటు కింద ఎంత ఎత్తు పోతుందో, తుంచిన వాటికీ దానికీ తేడా ఏంటో అయిదు వారాలు కొలిచి, క్లాసులో నిలబడి చెప్పాలి. “దీన్ని మాత్రం ముట్టుకోకు అమ్మమ్మా, ప్రామిస్” అని నా చేతిలో చెయ్యి వేయించుకుంది. వేశాను.

నెలపైన ఓర్చుకున్నాను. ఆ గదిలోకి పోయినప్పుడల్లా ముందు అదే కనబడేది. దాని వెనక రెండు కుండీలు నీడకి తెల్లబోతున్నాయి. ఆ పొద్దున పప్పుకి ఆకు కోస్తున్నాను. చెయ్యి జారిందని చెప్పను. చూశాను, మనవరాలి మాట గుర్తొచ్చింది, అయినా తుంచాను. తుంచాక బొందుకి సమంగా అన్నీ కనబడితే ప్రాణం హాయి అనిపించింది. ఆ హాయి పిల్ల బడి నుంచి వచ్చేదాకే.

అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. వచ్చింది. అది అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల ఏడుపు ఆపుకుని, కళ్ళు తుడుచుకుని, లైటు వంకా మొక్క వంకా మార్చి మార్చి చూసి, “మే బి ట్రూ లా” అంటూ, ఇక్కడి పిల్లల యాసలో, నోటుబుక్కు తీసుకుని కూర్చుంది. చాలాసేపు రాసింది.

“ఏం రాశావే?” అన్నాను.

“కంక్లూజన్. ‘మా అమ్మమ్మ ఫార్మర్. లైటుకి దగ్గరగా పెరిగిన ప్లాంట్ తల మాడిపోతుందని తను చెప్పింది’ అని.”

“మధ్యలో నన్నెందుకు లాగుతావు?”

“ఎవరు చెప్పారో రాయాలి అమ్మమ్మా. లేకపోతే నేనే కల్పించాననుకుంటారు. నీకు ప్లాంట్స్ గురించి అన్నీ తెలుసు కదా!”

కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాను. ఆరిన బట్టలు మడిచి, మడత విప్పి, మళ్ళీ మడిచాను. నాలుగింటికి పిల్లని స్టేషన్ పక్కన లెక్కల ట్యూషన్‌లో దింపి ఇంటికి రావాల్సిన దాన్ని, పోయి ఎల్‌ఆర్‌టీ ఎక్కాను. అది చిన్న రైలు, ఎక్కిన చోటికే చుట్టు తిరిగి తెస్తుంది. అందులో ఒక చుట్టు తిరిగాను. ఎక్కడికీ పోయే పని లేదు, దిగే చోటు లేదు. కిటికీలోంచి బ్లాకుల మీద బ్లాకులు పోతున్నాయి. ఎదురుగా కూర్చున్న చీనా ముసలావిడ నన్ను చూసి తల ఊపింది, నేనూ ఊపాను. పని లేకుండా రైలు టికెట్టు తగలేసిన రోజు నా జన్మలో అదొక్కటే. ఒకరికొకరు తెలియని మనుషుల మధ్య కూర్చుని, చెప్పేద్దాం అనుకున్నాను. ట్యూషన్ వదిలి పిల్ల బయటికి వచ్చి, “అమ్మమ్మా, టీచర్ ఇంప్రెస్ అవుతుంది చూడు” అనగానే, చెప్పకుండానే దాని బ్యాగు అందుకుని ఇంటిదారి పట్టాను. పిల్ల ఏడుస్తుందని భయం కాదు. మనవరాలిని చెంపదెబ్బ కొట్టిన రోజులు కూడా ఉన్నాయి, ఏడుపుకి నేను లొంగను. పంట గురించి నేను చెప్పిన మాట ఆ ఇంట్లో ఎవరూ దాటరు. ఆ మాట పోతుందనే నా భయం.

ఏడింటికి అల్లుడు వచ్చాడు. బూట్లు విప్పకముందే పిల్ల పట్టుకుంది.

“డాడీ, నీ వల్లే! లైటు మరీ కిందకి పెట్టావు. నా ప్లాంట్ బర్న్ అయింది.”

“నేనా? కొలిచే పెట్టాను కదరా.”

“అమ్మమ్మ చెప్పింది.”

ఆయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. “అత్తయ్య చెప్పారా? అయితే నాదే పొరపాటు. సారీ రా తల్లీ” అని, రోజంతా ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిన మనిషి స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. పడిపోతాడేమోనని స్టూలు నేనే పట్టుకున్నాను. గొలుసు రెండు లంకెలు పైకి తగిలించి, “అత్తయ్యా, ఇంకో లంకె ఎత్తమంటారా?” అని అడిగాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

“చాలు బాబూ, దిగండి” అన్నాను.

మా అమ్మాయి వంటింటి గడపలో నిలబడి నన్నే చూస్తోంది. “ఏందమ్మా, ఇయ్యాల నీకు కాలు ఒకచోట నిలవడం లేదు. మోకాళ్ళా?”

“ఆ, మోకాళ్ళే” అన్నాను. అది మూడో అబద్ధమో నాలుగోదో.

భోజనాలయ్యాక పిల్ల హాల్లో నిలబడి, రేపు క్లాసులో చెప్పబోయేది తల్లిదండ్రుల ముందు ఇంగ్లీషులో అప్పజెప్పింది. నాకు అర్థమయినవి రెండే మాటలు, గ్రాండ్‌మదర్, ఫార్మర్. ఆ రెండూ వచ్చినప్పుడల్లా చెయ్యి నా వైపు చూపించింది. వాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, పన్లేకపోయినా బాల్కనీలోకి పోయాను.

మర్నాడు పొద్దున ఆరింటికి పిల్ల పాలు తాగుతోంది. అల్లుడు తలుపు దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు, కంపెనీ బస్సుకి టైమవుతోంది. మా అమ్మాయి జడ వేస్తోంది. నేను పోయి పిల్ల ముందు నిలబడ్డాను.

“లైటు మాడ్చలేదు. నేనే తుంచాను. పప్పులో వేశాను” అన్నాను.

జడ వేసే చెయ్యి ఆగింది. అల్లుడు తల ఎత్తి, “మరి నన్ను స్టూలెందుకు ఎక్కించారండీ?” అని పకపకా నవ్వాడు. మా అమ్మాయి, “ఇప్పుడా చెప్పేది? సరేలే అమ్మా, టీచర్‌కి ఎట్టా తెలుస్తుంది? అట్టాగే చెప్పేయనీ” అంది.

పిల్ల నవ్వలేదు. పాల గ్లాసు పక్కన పెట్టి, బ్యాగులోంచి నోటుబుక్కు తీసి, స్కేలు పెట్టి ముందురోజు రాసిన నాలుగు లైన్లు అడ్డంగా కొట్టేసింది.

“టైమెంత, తుంచినప్పుడు?”

“పదిన్నర.”

“నైఫా, హ్యాండా?”

“గోరు.”

“ఎందుకు?”

“మిగతావాటితో సమంగా లేదని.”

“నేను వద్దన్నాను కదా.”

“అన్నావు.”

అదీ రాసింది. రాసి నోటుబుక్కు నా ముందుకి తోసి, కింద ఖాళీ చోటు వేలితో చూపించింది. నేను తెలుగులో సంతకం పెట్టాను. దాన్ని చూసి బుక్కు మూసి, ఎర్ర రిబ్బను మొక్కని కుండీతో సహా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, వాళ్ళ నాన్నతో లిఫ్టు దగ్గరికి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అల్లుడు చెయ్యి ఊపాడు. పిల్ల సంచిలోకే చూస్తూ నిలబడింది. లిఫ్టు వచ్చింది, ఇద్దరూ ఎక్కి కిందికి వెళ్ళిపోయారు.